మొదటి డికాషనూ, రెండో డికాషనూ

పెళ్ళిచూపులకు వెళ్ళివచ్చినవారిని మన ఇళ్ళలో మొట్టమొదట అడిగే ప్రశ్న పిల్ల ఎట్లా ఉన్నదని కాదు, కాఫీ ఎట్లా ఉన్నదని. "కాఫీ మాత్రం బ్రహ్మాండంగా ఉన్నది" అన్నారంటే తక్కిన విషయం చెప్పకుండానే తెలిసిపోతుంది. చెన్నపట్నంలో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో మర్యాద, చుట్టరికం, కలిమి లేములు అన్నీ ఆ డబరా గ్లాసులోనే కొలుస్తూ ఉంటాము. ఇంటికి వెళ్ళినప్పుడు కాఫీ ఇవ్వలేదన్న మాట పదేళ్ళయినా మరుపుకు రాదు. మన సంఘం సమావేశాలకు ఎందరు వస్తారన్నది కూడా ఉపన్యాసకుణ్ణి బట్టి కాక కాఫీ ఏర్పాటును బట్టి చెప్పవచ్చునని కార్యవర్గంవారికి బాగా తెలుసును. ఇంత పెత్తనం చేస్తున్న ఈ పదార్థం సామాన్య గృహస్థుల వంటింట్లో అడుగుపెట్టి నాలుగైదు తరాలు మాత్రమే అయిందంటే ఈ కాలపు పిల్లలు నమ్మరు.

అంతకు ముందు మనవారు ఉదయాన పుచ్చుకున్నది చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, తెల్లవారి ఇంత ఉప్పు, మజ్జిగ కలిపి, మాగాయ ముక్కో ఉల్లిపాయో నంజుకొని తినేవారు. తరవాణి కుండ లేని ఇల్లు అరుదు. గంజీ, కాసిని మెతుకులూ పులిసి తేరిన ఆ నీటిలో ఉప్పు, నిమ్మాకు వేసి ఇస్తే వేసవిలో ప్రాణం లేచివచ్చేదని మా నాయనమ్మ చెప్పేది. మన పక్కనున్న తమిళులు దానినే నీరాగారం అంటారు. ఆమె నెల్లూరు జిల్లా పల్లెటూరి నుంచి కాపురానికి తిరువల్లిక్కేణి వచ్చేనాటికి మా ఇంట్లో తరవాణి కుండ అటకెక్కింది, ఇత్తడి ఫిల్టరు పొయ్యి పక్కకు చేరింది. "మొదటి రోజు మందనుకొని మింగాను, నాలుగో రోజున అడిగి పుచ్చుకున్నాను" అని నవ్వేది.

పెద్దలు ఊరుకోలేదు. దొరల అలవాటు అన్నారు, పిత్తం చేస్తుందన్నారు, సంసారాలు గుల్ల అవుతాయన్నారు. గాంధీ మహాత్ముడు ఆరోగ్యాన్ని గురించిన తన రచనలలో టీ, కాఫీ, కోకో ఒంటికి అక్కరలేనివని తేల్చివేశారు. ఆయన మాట మీద విదేశీ బట్టలు తగులబెట్టినవారూ, జైలుకు పోయినవారూ మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. కాఫీ మానినవారు మాత్రం అంతమంది ఉండరని నా అనుమానం.

మానడం ఎందుకంత కష్టమో శాస్త్రజ్ఞులు తరవాత చెప్పారు. 1819లో జర్మనీలో రుంగే అనే యువకుడు కాఫీ గింజలోంచి కెఫీన్ అనే పదార్థాన్ని విడదీశాడు. ఆ గింజలు చేతికిచ్చి పరీక్షించి చూడమన్నది మహాకవి గెటే. మెదడులో అలసటను తెలియజేసే అడెనోసిన్ అనే పదార్థం ఒకటి ఉన్నది. అది కూర్చోవలసిన పీట మీద కెఫీన్ ముందుగా వచ్చి కూర్చుంటుంది. అందుచేత అలసట మనకు తెలియదు. రోజూ తాగేవాడు ఒక పూట మానితే ఆ అడెనోసిన్ ఒక్కసారిగా తన చోటికి వస్తుంది, తలలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, కణతలు పగిలేటట్లు నొప్పి వస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం ప్రారంభించినది 1893లో. కాఫీ అలవాటూ ఆ సీసా మన ఇళ్ళకు ఇంచుమించు ఒకే కాలంలో చేరడం కాకతాళీయమో కాదో పాఠకులే ఆలోచించుకోవాలి.

ఇక నేను చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. ఫిల్టరులో పొడి వేసి సలసల కాగిన నీళ్ళు మొదటిసారి పోస్తే దిగేది మొదటి డికాషను. నల్లగా, చిక్కగా ఉంటుంది. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది. రంగు ఉంటుంది, గుణం ఉండదు. ఏది ఎవరికన్నది ఎక్కడా వ్రాసిలేదు గాని ఇంటింటా అమలులో ఉన్న చట్టమే. మొదటిది ఇంటి యజమానికి, అల్లుడికి, వచ్చిన పెద్దమనిషికి. రెండోది పిల్లలకు, పనిమనిషికి, అందరి తరవాత ఇల్లాలికి. మా అమ్మ తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి ఫిల్టరు వేసేది. తాను తాగడం మాత్రం ఎనిమిదిన్నరకు, మేమంతా బయటికి పోయిన తరువాత, రెండో డికాషనుతో. ఎవరైనా అడిగితే "నాకు పలచగా ఉంటేనే ఇష్టం" అనేది. ఒకసారి ఆమె వెంట పెరంబూరులోని మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. అక్కడ ఆమె అతిథి గదా, మొదటి డికాషను కాఫీ చేతికిచ్చారు. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టకుండా, "అక్కా, కాఫీ అంటే ఇదీ" అన్నది. పలచని కాఫీ మీద ఆమె ఇష్టం ఏపాటిదో నాకు అప్పుడు తెలిసింది.

ఈ భేదం మన ఇళ్ళలోనే పుట్టిందనుకోవద్దు. కాఫీ చరిత్ర తిరగవేసి చూస్తే ఏ దేశంలోనైనా మొదటిది కొందరికి, రెండోది కొందరికి అన్నట్లే కథ సాగింది. ఒక్క పుట్టింట్లో మాత్రం వేరు.

కాఫీకి పుట్టిల్లు ఇథియోపియా. అక్కడ కఫా అనే సీమలో అది అడవిచెట్టు. కాల్డీ అనే మేకల కాపరి, తన మేకలు ఎర్రటి పళ్ళు తిని గంతులు వేయడం చూసి కనిపెట్టాడని ఒక కథ ఉన్నది. కథ ముచ్చటైనదే గాని చాలాకాలం తరవాత అల్లినది. ఆ దేశంలో పండే కాఫీలో ఇంచుమించు సగం అక్కడివారే తాగుతారు. చుట్టాలు వస్తే ఇల్లాలు వారి ఎదుటనే పచ్చిగింజలు పెనం మీద వేయించి, దంచి, మట్టికూజాలో కాస్తుంది. ఒకే పొడి మీద మూడుసార్లు నీళ్ళు పోసి కాస్తారు. మొదటి వాయి పేరు అబోల్, రెండవది తోనా, మూడవది బరకా. బరకా అంటే దీవెన. మూడో వాయి దాకా కూర్చోకుండా లేచిపోవడం మర్యాద కాదు. మనం పనిమనిషికి పోసే పలచని కాఫీకి వారు దీవెన అని పేరుపెట్టుకొని చిన్నా పెద్దా కలిసి తాగుతున్నారన్నమాట.

ఎర్రసముద్రం దాటి యెమెన్ చేరిన కాఫీని 15వ శతాబ్దంలో సూఫీ భక్తులు రాత్రి ధ్యానంలో నిద్రరాకుండా తాగేవారు. మోఖా రేవు నుంచి అది నలుదిక్కులకూ పోయింది. పోయినచోటల్లా జనం గుమికూడారు. జనం గుమికూడితే మాటలు వస్తాయి, మాటలు వస్తే అధికారులకు గుబులు పుడుతుంది. 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించాడు, కైరోలోని సుల్తాను ఆ ఉత్తరువును సడలించాడు. లండనులో 1652లో పాస్కా రోజే అనేవాడు మొదటి కాఫీ దుకాణం తెరిచాడు. ఒక పెన్నీ ఇచ్చినవాడు కాఫీ తాగి, పత్రికలు చదువుకొని, ఎవరితోనైనా వాదించుకోవచ్చును. ఎడ్వర్డ్ లాయిడ్ దుకాణంలో ఓడల వర్తకులు చేరి చెప్పుకున్న కబుర్లలోంచే లాయిడ్స్ అనే భీమా వ్యవస్థ పుట్టింది. రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరులో ఈ దుకాణాలన్నీ మూసివేయమని ఉత్తరువు చేసి, ప్రజల గగ్గోలు చూసి, అది అమలుకు రాకముందే 1676 జనవరిలో వెనక్కు తీసుకున్నాడు. రాజు ఓడిపోయాడు, కాఫీ గెలిచింది. అయితే ఆ దుకాణాలలో కూర్చొని కబుర్లు చెప్పుకునే హక్కు మగవారిదే. స్త్రీలు అక్కడ వడ్డించవచ్చును, కూర్చోరాదు. 1674లో కాఫీ మీద స్త్రీల విన్నపం అంటూ ఒక కరపత్రం వెలువడింది. మగవాళ్ళు కాఫీ దుకాణాలకు అతుక్కుపోయి ఇంటికి పనికిరాకుండా పోతున్నారని దానిలో మొర. అది నిజంగా ఆడవారే వ్రాశారా, వారి పేరు పెట్టి మగవారే వ్రాశారా అన్నది వేరే మాట.

మన దేశానికి కాఫీ వచ్చిన కథ అందరికీ తెలిసినదే. మొలకెత్తే గింజ పొలిమేర దాటకుండా అరబ్బులు కాపలా కాసేవారట. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ, మక్కా యాత్ర నుంచి తిరిగివస్తూ ఏడు గింజలు రహస్యంగా తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని ప్రతీతి. ఆ కొండలకు ఆయన పేరే నిలిచింది. ఆ తరవాతి సంగతి మనలో అంతగా తెలియదు. డచ్చివారు ఆ శతాబ్దం చివర జావా ద్వీపంలో కాఫీ వేసినప్పుడు మొక్కలు వెళ్ళినది మన మలబారు తీరం నుంచి. జావా నుంచి ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్ తోటకు, దాని సంతతి 1714లో ఫ్రెంచి రాజు తోటకు, అక్కడినుంచి 1723 ప్రాంతంలో మార్టినీక్ ద్వీపానికి చేరాయి. ఆ మొక్కను ఓడలో తీసుకువెళ్ళిన ద క్లియూ అనే అధికారి, నీటి ఎద్దడి వస్తే తన వంతు మంచినీళ్ళు దానికి పోసి బ్రతికించానని వ్రాసుకున్నాడు. 1727లో కాఫీ బ్రెజిల్ చేరింది. ప్రపంచపు పంటలో మూడోవంతు ఈనాడు ఆ ఒక్క దేశానిదే.

ఆ తోటలలో పనిచేసినది ఎవరు? ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన బానిసలు. పారిస్ కాఫీ దుకాణాలలో పండితులు మానవ స్వాతంత్ర్యాన్ని గురించి వాదించుకుంటున్న కాలంలో వారి గిన్నెలోని కాఫీ, నేడు హైతీ అని పిలిచే ఫ్రెంచి ద్వీపభాగంలో ఈ బానిసలు పండించినది. ప్రపంచపు కాఫీలో సగందాకా అక్కడినుంచే వచ్చేది. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. బ్రెజిల్‌లో మాత్రం బానిసత్వం 1888 దాకా చట్టబద్ధంగానే సాగింది. వారికి రెండో డికాషను కూడా దక్కలేదు.

చెన్నపట్నంలో కాఫీ వీథికెక్కినది హోటళ్ళ వల్ల. ఊళ్ళోకి ఉద్యోగానికి వచ్చిన ఒంటరివాడికి కాఫీ హోటలు తల్లివంటిది. కాని ఆ తల్లి అందరినీ ఒక్కలాగా చూడలేదు. చాలా హోటళ్ళ బోర్డు మీద "బ్రాహ్మణ" అనే మాట ఉండేది. కొన్నిచోట్ల కూర్చునే గదులు వేరు, కొన్నిచోట్ల కొన్ని కులాలవారికి ప్రవేశమే లేదు. 1957లో మా తిరువల్లిక్కేణిలోనే, మురళీ కేఫ్ బోర్డు మీద ఉన్న ఆ మాట తీసివేయాలని పెరియార్ నాయకత్వాన పెద్ద ఆందోళన జరిగింది. ఆ రోజులను గురించి మా పెద్దలు ఒక్కొక్కరూ ఒక్కొక్క విధంగా చెప్పేవారు. ఎవరి కథ వారు ఏ గదిలో కూర్చునేవారన్న దానిని బట్టి ఉండేది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అయినా తమిళనాట, తెలుగునాట పల్లెటూళ్ళ కొట్లలో హరిజనులకు వేరే గ్లాసు పెట్టే పద్ధతి, ఆ గ్లాసును తాగినవారే కడిగి పెట్టే పద్ధతి, ఎన్నో ఏళ్ళు సాగింది.

అదే 1957లో మరొక మంచి పని జరిగింది. కాఫీ బోర్డువారు తాము నడుపుతున్న కాఫీ హౌసులు మూసివేయబోగా, వీథిన పడనున్న సిబ్బంది ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే తీసుకున్నారు. తలపాగా కట్టి కాఫీ అందించినవారే యజమానులయ్యారు. ఇక మన ఊళ్ళో 1962లో తెరిచిన వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ సంగతి చెప్పనే అక్కరలేదు. కారు ఉన్నా లేకున్నా చెట్లకింద గంటలకొద్దీ కూర్చోవచ్చును. 2008లో అది మూతపడినప్పుడు దగ్గరి చుట్టం పోయినంతగా బాధపడినవారు ఉన్నారు.

డిగ్రీ కాఫీ అనే మాటమీద చాలా వాదాలున్నాయి. పాల చిక్కదనాన్ని లాక్టోమీటరుతో డిగ్రీలలో కొలిచి, నీళ్ళు కలవని పాలతో చేసినది గనుక ఆ పేరు అంటారు కొందరు. చికోరీ అనే మాటే జనం నోట డిగ్రీ అయిందంటారు మరికొందరు. నాకు పాల వాదమే సబబుగా తోస్తుంది. చికోరీ అంటే ఒక మొక్క వేరు. వేయించి పొడిచేస్తే నలుపూ, చేదూ, చిక్కదనమూ ఇస్తుంది. కెఫీన్ బొత్తిగా ఉండదు. నెపోలియన్ కాలంలో ఐరోపాకు కాఫీ అందకపోయినప్పుడు దీని వాడుక బాగా పెరిగింది. మన దేశపు నిబంధనల ప్రకారం కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. అంటే తక్కిన 49 పాళ్ళు వేరే అయినా దోషం లేదు. ఎంత కలిపినదీ పొట్లం మీద వ్రాసి ఉంటుంది, చిన్న అక్షరాలలో. కళ్ళజోడు పెట్టుకొని ఒకసారి చదవండి.

ఎంత చిన్న అక్షరాలైనా పొట్లం మీద చికోరీ పేరు ఉంటుంది. పండించినవారి పేరు ఉండదు. మనం మైసూరు కాఫీ, కూర్గు కాఫీ అని గొప్పగా చెప్పుకుంటాము. తెలుగునేలమీద కూడా కాఫీ పండుతుందని మా ఆఫీసులో చెబితే తోటి తెలుగువారే ఆశ్చర్యపోయారు. 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో మొదట కాఫీ వేయించాడు. తరవాత అది ఉత్తరంగా చింతపల్లి, పాడేరు, అనంతగిరి, అరకు కొండలకు పాకింది. కొంతకాలం అడవిశాఖవారి తోటలే ఎక్కువ. తరవాత పోడు కొట్టుకునే గిరిజన కుటుంబాలకు ఎకరం, రెండెకరాల చొప్పున మొక్కలిచ్చి వేయించారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల బోదెలకే మిరియపు తీగ. ఈనాడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో లక్షకు పైగా గిరిజన కుటుంబాలకు ఇదే ఆధారం.

పంట పండగానే బాగుపడలేదు. పండు కోసి, ఎండబెట్టి వారపు సంతకు మోసుకువస్తే, ముందుగా అప్పు ఇచ్చిన వర్తకుడు చెప్పినదే ధర. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటివి కొనుగోలుకు దిగిన తరువాత, పండ్లు ఎరుపెక్కినవి మాత్రమే కోయడం, అదేరోజు తొక్క తీసి కడగడం, నేలకు తగలకుండా ఆరబెట్టడం నేర్పిన తరువాత, గింజకు పేరు వచ్చింది, ధర కూడా మెరుగుపడింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ దుకాణం వెలిసింది. ఒకనాడు బానిసల కాఫీ తాగిన ఊరే అది. 2019లో అరకు వాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సభకు వచ్చిన దేశాధినేతలకు మన ప్రభుత్వం ఈ పొడినే కానుకగా ఇచ్చింది. దేశాధినేతలకు దక్కిన ఆ మొదటి డికాషను పండించిన ఇళ్ళలో పొద్దున్నే తాగేది చాలాచోట్ల చోడి అంబలి. మనం అటకెక్కించిన తరవాణికి అది అప్పచెల్లెలు.

(పసుపుకు పేరుపడిన గుంటూరు సీమ దుగ్గిరాలలో కలుపుకు తాగే కాఫీ పొడి చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉన్నది. అక్కడి పొడి ఎన్నో దేశాలలో ఎవరెవరి పేర్లతోనో అమ్ముడవుతున్నది. ఫిల్టరు కాఫీకి అలవాటుపడ్డవారు దానిని కాఫీ అని ఒప్పుకుంటారా అన్న చర్చలోకి నేను దిగను.)

కొండవారికి కష్టాలు తీరలేదు. 2025 ఆగస్టులో అరకు ప్రాంతపు తోటలలో కాయతొలుచు పురుగు కనబడింది. ఇది గసగసాలంత నల్లటి పురుగు. కాయలో కన్నం చేసి లోపల గింజను తినివేస్తుంది. కర్ణాటక, తమిళనాడు కొండలలో 1990 నుంచి ఉన్నదే గాని అరకులో మునుపు లేదు. పురుగు పట్టినచోట పచ్చికాయలన్నీ దూసి, మరిగే నీళ్ళలో వేసి, గోతిలో పూడ్చవలసి వచ్చింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో అరబికా ధర ప్రపంచ విపణిలో మునుపెన్నడూ లేనంత పైకి పోయింది. ధర ఉన్న ఏడాది చేతి కందిన కాయను గోతిలో పూడ్చడం ఎంత కష్టమో గుమాస్తా పని చేసేవాణ్ణి నేను ఊహించగలనే గాని చెప్పలేను.

గిరిజన సహకార సంస్థవారి అరకు పొడి, చికోరీ కలిపినదీ, కలపనిదీ, రెండు రకాలుగా అమ్ముతారు. కలపనిది మన నోటికి మొదట కొంచెం పలచగా, పులుపుగా తోస్తుంది. పొడి మామూలుకంటే ఒక చెంచా ఎక్కువ వేసి, నీళ్ళు తగ్గించి, పైన అదిమే బిళ్ళను గట్టిగా నొక్కకుండా వదిలితే డికాషను పదిహేను ఇరవై నిమిషాలలో దిగుతుంది. అది ఇంట్లో అందరికీ చాలకపోతే రెండోసారి నీళ్ళు పోయవద్దు, ఇంకొక ఫిల్టరు వేయండి.